ఆది రవిక

కర్నూలు,
నవంబరు 1953

అన్న ఇమాం బాషాకు చెల్లెలు గుల్షన్ సలాం. వదిన దౌలత్ బీకి కూడా నా సలాం చెప్పు.

మేము క్షేమంగా చేరాము. రాజధాని అంటే ఏమిటో అనుకున్నాను. ఊరవతల డేరాలు, డేరాల్లో బల్లలు, బల్లల మీద కాగితాలు ఎగిరిపోకుండా గుండ్రాళ్ళు. కడప కచ్చేరిలో చేసిన బంట్రోతు పనే మీ బావకు ఇక్కడా. గాలి లేస్తే అధికారులు కాగితాలు పట్టుకుంటారు, మీ బావ డేరా గుంజ పట్టుకుంటాడు. "రాష్ట్రమంతా నా చేతిలోనే ఉండాది" అని ఇంటికొచ్చి నవ్వుతాడు.

మాకు దొరికిన గది చుట్టూ సర్కారు జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాల కాపురాలు. ఆ ఆడవాళ్ళకు మన జొన్నరొట్టె మీద కోపం, ఎండ మీద కోపం, అన్నిటికంటే దర్జీల మీద కోపం. ఇక్కడి దర్జీలూ మనలాగే, ఆడమనిషి ఒంటి మీద టేపు పెట్టరు. పాత రవిక ఒకటి ఆదిగా ఇమ్మంటారు, దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి అదే కొలతకు కత్తిరిస్తారు. పాతదాంట్లో చంక పట్టేస్తే కొత్తదాంట్లోనూ పట్టేస్తుంది.

పక్కింటి కృష్ణవేణమ్మ, బెజవాడ మనిషి, నా రవిక చూసి "ఇంత బాగా ఎవరు కుట్టారండీ" అని అడిగింది. నేనే కుట్టానన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు.

నాయన కత్తెరలు రెండున్నాయి గదా. పెద్దది నీది. చిన్నది పెట్టెలో తుప్పు పడుతోంది. దాన్ని పంపు. ఇక్కడి ఆడవాళ్ళకు రవికలు కుడతాను. కుట్టడమే కాదు, కత్తిరిస్తాను.

నీ చెల్లెలు
గుల్షన్


కడప,
డిసెంబరు 1953

చెల్లెలు గుల్షన్‌కు అన్న ఇమాం బాషా దీవెనలు. అల్లా దయవల్ల ఇక్కడ అందరమూ బాగున్నాము. నా కుడి భుజం నొప్పి మామూలే. దర్జీ పనికి భుజం నొప్పి పుట్టుమచ్చలాంటిది, పోదు.

కత్తెర సంగతి. దర్జీ ఇంట్లో పుట్టినదానివి, ఈ మాట నీకు చెప్పవలసి రావడమే నాకు కష్టంగా ఉంది. కుట్టేవాడు కూలివాడు, కోసేవాడు ఉస్తాదు. నాయన నా చేతికి కత్తెర ఇచ్చిన రోజు ఫాతేహా చదివించి వీధంతా చక్కెర పంచాడు. అప్పటికి నేను కాజాలు తీసి తీసి, మిషను తొక్కి తొక్కి మీసాలొచ్చినవాణ్ణి. మన ఇంట్లో ఆడవాళ్ళు కాజాలు తీస్తారు, చేతికుట్టు వేస్తారు. అమ్మ వేసింది, దౌలత్ వేస్తోంది. ఆడదాని చేతికి కత్తెర పోతే అంగట్లో బరకత్ నిలవదని పెద్దల మాట. చిన్నప్పుడు నువ్వు బల్ల మీది కత్తెర తీసుకుంటే నాయన గజంబద్దతో వేళ్ళ మీద కొట్టాడు, మరిచావా?

అయినా నిన్ను ఊరికే కాదనను. గుడ్డ, ఆది రవిక మూటగట్టి కర్నూలు బస్సు డ్రైవరు బొజ్జన్న చేతికివ్వు. నేను కత్తిరించి అతని చేతనే పంపుతాను. నువ్వు కుట్టు. పేరు నీకు, పరువు నాకు. దీనికంటే మంచి ఏర్పాటు ఏ అన్న చేస్తాడు?

ఇమాం బాషా


కర్నూలు,
మార్చి 1954

అన్నకు గుల్షన్ సలాం.

నువ్వు చెప్పినట్టే చేశాను. కృష్ణవేణమ్మ తమ్ముడి పెళ్ళికని పట్టుగుడ్డ ఇచ్చింది, ఆది రవిక ఇచ్చింది. నువ్వు కత్తిరించి పంపావు, నేను కుట్టాను. అన్నా, నీ చేతిలో వెంట్రుకవాసి తప్పు లేదు. రవిక అచ్చం ఆదిలాగే వచ్చింది. కృష్ణవేణమ్మే ఆదిలాగా లేదు.

హుక్కులు పడలేదు. ఆమె మంచం మీద కూర్చుని ఏడ్చింది. అడిగితే అప్పుడు చెప్పింది, ఆ ఆది కాన్పుకు ముందుదట. ఇప్పుడు బిడ్డకు పాలిస్తున్న మనిషి. మరి అదెందుకు ఇచ్చావమ్మా అంటే, "రోజూ తొడిగేవి మాసిపోయాయండీ, మగవాళ్ళ అంగడికి అలాంటివి ఎలా పంపుతాం, బాగున్నది ఏరి ఇచ్చాను" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆలోచించు. ఏ ఆడదైనా అంగడికి మాసిన రవిక పంపదు. పెట్టెలో దాచినది, కొత్తగా కనబడేది పంపుతుంది. అది కొత్తగా ఎందుకుంది? తొడగలేదు గనుక. ఎందుకు తొడగలేదు? పట్టలేదు గనుక. అంటే కడపలో ఆడవాళ్ళందరూ తమకు పట్టని రవికలు ఏరి ఏరి నీకు ఆది ఇస్తున్నారు, నువ్వు వెంట్రుకవాసి తప్పు లేకుండా మళ్ళీ అవే కోసి ఇస్తున్నావు. ఇన్నేళ్ళుగా నీకు ఈ మాట తెలియదు. నీకు చెప్పేవాళ్ళు లేరు, వాళ్ళకు సిగ్గు.

టేపు తీసి ఆమె ఒంటి మీద పెట్టాను. చక్కిలిగిలి అని నవ్వింది. పుట్టిన తర్వాత ఆమెను ఎవరూ కొలవలేదట. మీ బావ బజారుకు పోయి కత్తెర కొనుక్కొచ్చాడు. కుట్లు విప్పి, మిగిలిన గుడ్డతో పక్కలకు ముక్కలు వేసి మళ్ళీ కత్తిరించాను. ఆమె ఆ రవికతోనే పెళ్ళికి పోయింది.

నాయన కొట్టింది మరవలేదు. కొట్టింది వేళ్ళ మీద, కళ్ళ మీద కాదు. ఆ బల్ల కింద కూర్చుని పీలికలు ఏరుకుంటూ ఆయన ఎక్కడ తిప్పుతాడో, ఎక్కడ ఆపుతాడో అంతా చూశాను. ఇంకొక మాట కూడా చెప్పేస్తాను. కృష్ణవేణమ్మ మెచ్చుకున్న నా రవిక నువ్వు కోసింది కాదు. నువ్వు జుమ్మా నమాజుకు పోయినప్పుడు నీ బల్ల మీద, నీ కత్తెరతో నేను కోసుకున్నది. వదిన వాకిట్లో కాపలా కాసింది. ఆ తర్వాత కూడా నీ అంగట్లో బరకత్ బాగానే ఉంది.

గుల్షన్


కడప,
ఏప్రిల్ 1954

గుల్షన్‌కు,

నీ ఉత్తరం చదివి చించాను.

బొజ్జన్న నోట్లో నువ్వుగింజ నానదు. ఎదురంగడి నరసింహ విని, పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఏమప్పా ఇమాం బాషా, నీ చెల్లెలు ఉస్తాదయిందంట గదా, మాకు చక్కెర పెట్టకుండా తప్పించుకుంటాండావే" అన్నాడు. వీధిలో పదిమంది నవ్వారు. నాయన కూర్చున్న బల్ల ముందు నన్ను చూసి నవ్వారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సరే, పో. ఇక గుడ్డలు పంపవద్దు. నాయన పేరు గాని నా పేరు గాని అక్కడ ఎత్తవద్దు. అంగడి పెడతావని, బోర్డు రాయిస్తావని కూడా బొజ్జన్న చెప్పాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ కృష్ణవేణమ్మలు ఇవాళ ఉంటారు, రేపు వాళ్ళ ఊరికి పోతారు. అప్పుడు నీ కత్తెరతో ఏం కోస్తావు?

జుమ్మా నాటి సంగతి దౌలత్‌ను అడిగాను. తల వంచుకుని కాజా తీస్తూనే ఉంది.

ఇమాం బాషా


కర్నూలు,
మే 1954

అన్నకు సలాం. నువ్వు సలాం లేకుండా మొదలుపెట్టావు, నేను పెట్టే మొదలుపెడుతున్నాను.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నీ కోపం. నేను కత్తెర పట్టినందుకు కాదు, నరసింహ నవ్వినందుకు. ఆయనకు చక్కెర కావాలంటే ఈ ఉత్తరంతో పాటు బొజ్జన్న చేత ఒక పొట్లం పంపుతున్నాను, ఇవ్వు. నాకు కత్తెర ఇచ్చే ఉస్తాదు లేడు గనుక నాకు నేనే ఇచ్చుకున్నాను. చక్కెర కూడా నేనే పంచుకుంటున్నాను.

నాయన పేరు పెట్టను. నీ పేరూ పెట్టను. మీ బావ డేరాల మీద అంకెలు వేసే రంగు అడిగి తెచ్చి చెక్క మీద రాశాడు: "గుల్షన్ బీ, ఆడవాళ్ళ దర్జీ. కొలత తీసి కుట్టబడును." అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. పేరు నాదే, అది చాలు.

వదిన మీద మాత్రం కోపం పెట్టుకోవద్దు. ఆమె ఆ రోజు వాకిట్లో నిలబడకపోతే నేను ఈ రోజు ఇక్కడ నిలబడేదాన్ని కాదు.

గుల్షన్


కర్నూలు,
ఆగస్టు 1955

అన్నకు సలాం.

రంజాను పోయింది, బక్రీదు పోయింది. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. నీకు రాయాలని లేకపోయినా నాకు చెప్పాలని ఉంది.

రెండో మిషను పెట్టాను. విశ్వాసమ్మ అని, మిషనరీ ఆసుపత్రి ఆయా కూతురు, నా దగ్గర పని నేర్చుకుంటోంది. వచ్చిన మొదటి రోజే ఆ పిల్లకు కాజా సూది ఇవ్వలేదు, కత్తెర ఇచ్చాను. పాత పత్రికలు కోసి కోసి గదంతా నింపింది. ఇప్పుడు నర్సమ్మల తెల్లగౌన్లు నా కంటే బాగా కోస్తోంది.

వదిన వాళ్ళ చిన్నమ్మ కూతురి పెళ్ళికని కర్నూలు వచ్చినప్పుడు నా దగ్గర ఒక పూట ఉండిపోయింది. నీకు చెప్పిందో లేదో. ఆమె ఒంటికి టేపు పెట్టి ఒక రవిక కుట్టి ఇచ్చాను. తొడుక్కుని చేతులు పైకెత్తింది, కిందికి దించింది, మళ్ళీ ఎత్తింది. "అమ్మీ, చెయ్యి లేస్తాండాదే" అంది. ఉస్తాదు ఇంటి కోడలికి ఇన్నేళ్ళకు చెయ్యి లేచింది అన్నా. ఆ నవ్వు నేను మరవలేను.

గుల్షన్


కడప,
అక్టోబరు 1956

చెల్లెలు గుల్షన్‌కు అన్న దీవెనలు. చాలా కాలానికి రాస్తున్నాను.

పేపరు చదివాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రాజధాని హైదరాబాదట. డేరాలు పీకుతున్నారని బొజ్జన్న చెప్పాడు. ఈ మాట అప్పుడే అన్నాను. అన్నది నిజమైందని సంతోషంగా ఉందనుకుంటావేమో. మొదట ఉండింది. రెండు రోజులకు పోయింది.

మీ ఆయన అల్లా బాషాను హైదరాబాదు పొమ్మంటారు గదా. ఆ పెద్ద ఊళ్ళో ఎవరి నీడన ఉంటావు? అతను ముందు పోయి చూసుకోనీ, నువ్వు ఇంటికి రా. గతం గతః. నా అంగట్లో నీకు ఒక మిషను వేస్తాను. పిల్లల చొక్కాలు, గౌన్లు నువ్వే కత్తిరించుకో, నేను అడ్డం రాను. పెద్దవాళ్ళవి మాత్రం నేను కోస్తాను. మన వీధిలో ఏ అన్నా ఇంత దిగిరాలేదు.

భుజం నొప్పి ఎక్కువైంది. రాత్రిపూట ఆ పక్కకు తిరిగి పడుకోలేను.

ఇమాం బాషా


కర్నూలు,
నవంబరు 1956

అన్నకు సలాం.

పోయారు. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. కృష్ణవేణమ్మ లారీ ఎక్కేముందు నా చేతులు పట్టుకుని "హైదరాబాదు రండి, మా వీధిలోనే గది చూస్తాను" అంది. డేరాలున్న చోట ఇప్పుడు గుంజలు పాతిన గుంతలు, వాటిలో మేకలు. నాకు భయం వేయలేదని రాస్తే అబద్ధం. మూడు రోజులు మిషను మీద గుడ్డ కప్పి కూర్చున్నాను.

నాలుగో రోజు మీ బావకు ఉత్తర్వు వచ్చింది, హైదరాబాదుకు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా కోతబల్ల చుట్టూ తిరిగాడు. "నేను యాడ పోయినా ఎవురో ఒకరి బల్ల ముందర నిలబడేవాణ్ణే. నిలబడనీకి కర్నూల్లో బల్లలు తక్కువైనాయా? నీకు కోసుకునే బల్ల ఈడ ఉండాది. దాన్ని యాడికి మోసుకపోతాం?" అన్నాడు. ఇక్కడి కలెక్టరు కచ్చేరిలోనే ఉంచమని అర్జీ పెట్టాడు. ఒప్పుకున్నారు. పైకి పోవలసిన మనిషి నా కోసం ఉన్నచోటనే ఉండిపోయాడని నాకు తెలుసు. ఈ మాట నీకు ఎందుకు రాస్తున్నానో నీకూ తెలుసు.

ఇక మిగిలింది కర్నూలు ఆడవాళ్ళు. వాళ్ళు నా దగ్గరకు రారు, ఘోషా. సరే, నేనే పోతున్నాను. టేపు కొంగున కట్టుకుని ఇంటింటి పెరటి తలుపు తడుతున్నాను. మొదటి ఇంట్లో ఒక ముసలమ్మ ఆది రవిక చేతికిచ్చింది. తీసుకోలేదు. "అది ఉండనీ జేజీ, నువ్వు ఇట్లా నిలబడు" అన్నాను. నిలబడింది. వాళ్ళ కోడళ్ళూ వరసగా నిలబడ్డారు.

నువ్వు నా కోసం ఒక మిషను వేస్తానన్నావు, పిల్లల గౌన్లు కోసుకోమన్నావు. నీ ప్రేమ నాకు తెలియనిది కాదు. కానీ అన్నా, నేను గౌన్ల దాకా ఎదిగి ఆగిపోయేదాన్నయితే కడపలోనే ఆగిపోయి ఉందును. రాను.

భుజానికి నువ్వులనూనె కాచి రాయించుకో.

గుల్షన్


కడప,
జూన్ 1957

చెల్లెలికి,

ఒక సంగతి దాచాను, ఇప్పుడు రాస్తున్నాను. నిన్ను రమ్మన్నప్పుడే రాయవలసింది.

నువ్వు కుట్టి ఇచ్చిన రవిక దౌలత్ ఒంటి మీద నుంచి తీయదు. ఉతికి ఆరేసి, ఆరక ముందే తొడుక్కుంటుంది. వీధిలో ఆడవాళ్ళు చూసి అడిగారు. ఆమె నీ పేరు చెప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కరే అంగడికి రావడం మానారు. కొందరు బొజ్జన్న బస్సెక్కి నీ దగ్గరకు వచ్చి పోయారని ఆలస్యంగా తెలిసింది. వచ్చినవాళ్ళలో కడప పేరు చెప్పినవాళ్ళు నీకు ఎదురుపడి ఉంటారు. నువ్వూ నాకు రాయలేదు. నన్ను చిన్నబుచ్చకూడదని రాయలేదనుకుంటాను.

ఒక రోజు పట్టలేక దౌలత్‌ను అడిగాను, "నేను కోసిన రవికల్లో తప్పేముండాది?" అని. తల ఎత్తి చెప్పింది. "తప్పేం లేదు. ఒక్కటీ నాది కాదు, అంతే." మా పెళ్ళినాటి రవికే ఇన్నేళ్ళూ నేను కోస్తున్నానట. చెప్పకూడదా అంటే, "అడిగినావా?" అంది.

అందుకని నా ఆలోచన ఇది. నెలకొకసారి నువ్వు కడపకు రా. ఆడవాళ్ళ కొలతలు తీసి రాసిపెట్టు. నేను కత్తిరిస్తాను. నాయన చిన్న కత్తెర కూడా నీకు ఇచ్చేస్తాను. ఇద్దరి పేర్లూ బోర్డు మీద వేయిస్తాను, నీ పేరు పైన వేసినా సరే.

ఇమాం బాషా


కర్నూలు,
జూన్ 1957

అన్నకు సలాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఈ మాటలు రాయడానికి ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. అవును, కడపవాళ్ళు వచ్చారు. కుట్టి ఇచ్చాను. నీకు రాయలేదు.

అయినా నీ ఏర్పాటుకు ఒప్పుకోను. కొలత తీసిన మనిషే కత్తిరించాలి. వీపు ఎక్కడ వంగింది, ఏ భుజం దిగింది, బిడ్డను ఏ చంకన ఎత్తుకుంటుంది, అంకెల్లో రాసి పంపితే నీకు అంకెలే కనబడతాయి. నేను కొలిచి నువ్వు కోస్తే అది మళ్ళీ ఆది రవికే, కాగితం మీద రాసిన ఆది.

నీ ఇంట్లో ఒక మనిషి ఉంది. ఇన్నేళ్ళుగా నీ పక్కన కూర్చుని కాజాలు తీస్తోంది. నీ కంటే ఎక్కువగా నీ కత్తెరను చూసింది ఆమే. కడప ఆడవాళ్ళ ముందు టేపు పట్టుకోవడానికి ఆమెకు సిగ్గు లేదు, వాళ్ళకూ ఆమె ముందు సిగ్గు లేదు. చిన్న కత్తెర నాకు వద్దు. నాకు నాది ఉంది. దానికి తుప్పు వదిలించి వదిన చేతికివ్వు. దొంగతనంగా జుమ్మా నాడు కాదు, అంగట్లో, నలుగురూ చూస్తుండగా ఇవ్వు. అది నీ చేత కాకపోతే చెప్పు, విశ్వాసమ్మకు అంగడి అప్పగించి నేనే వస్తాను. మీ అంగడికి ఎదురుగా, నరసింహన్న పక్కన గది తీసుకుని, నా బోర్డు కడతాను. బెదిరింపు అనుకో, చెల్లెలి మాట అనుకో. నేను చేసేది మాత్రం అదే.

గుల్షన్


కడప,
ఆగస్టు 1957

ఉస్తాదు గుల్షన్ బీకి అన్న ఇమాం బాషా సలాం.

నీ బెదిరింపు ఉత్తరం వచ్చాక నెల రోజులు దౌలత్‌తో మాట్లాడలేదు. ఆమె కాజాలు తీయడం ఆపేసింది. నీ ఉత్తరం ఆమె కూడా చదివిందని అప్పుడు తెలిసింది. గుండీలు లేని చొక్కాలు కుప్పపడ్డాయి.

నిన్న కత్తెర ఇచ్చాను. ఫాతేహా చదివించాను. నువ్వు ఎప్పుడో పంపిన చక్కెర పొట్లం నేను నరసింహకు ఇవ్వలేదు, చీమలు పట్టకుండా దౌలత్ డబ్బాలో దాచిపెట్టింది. అది సరిపోక ఇంకొంచెం తెప్పించి వీధంతా పంచాను. మొదట నరసింహకే పెట్టాను. తిన్నాడు.

మొదటి కోత ఎవరిదో ఎందుకు, నాదే కోయమన్నాను. నా చొక్కా ఒకటి ఆదికి తీసి ఇచ్చాను. నీ మొండితనం ఆమెకూ అంటుకుంది. చొక్కా పక్కన పడేసి "నువ్వు ఇట్లా నిలబడు" అంది. అంగడి తలుపు తెరిచే ఉంది. చేతులు చాపి నిలబడ్డాను. టేపు ఈ భుజం నుంచి ఆ భుజానికి పెట్టి, మళ్ళీ పెట్టి, "ఈ చొక్కా ఎవురిది?" అని అడిగింది. అప్పుడు నాకు తట్టింది. నాయన పోయినప్పటి నుంచి నా చొక్కాలన్నీ నాయన చొక్కా ఆది పెట్టి నేను కోసుకున్నవే. నాయన సన్నటి మనిషి. నేను కాను. ఇన్నేళ్ళ భుజం నొప్పి దర్జీ పనిది అనుకున్నాను.

ఆమె కోసిన చొక్కాకు ఎడమ చెయ్యి అంగుళం పొట్టిగా వచ్చింది. ఇవాళ అదే వేసుకుని అంగట్లో కూర్చున్నాను. నరసింహ వచ్చాడు. "ఏమప్పా, ఒక చెయ్యి పొట్టిగా ఉండాదే, యాడ కుట్టించినావు?" అన్నాడు. "మా ఇంట్లో కొత్త ఉస్తాదు కోసింది. నీకూ కావాలంటే చెప్పు, శానామంది ఉండారు, వరసలో నిలబడాల" అన్నాను.

చెయ్యి పొట్టిదే. భుజం మాత్రం పట్టడం లేదు. పొద్దుటి నుంచి పైకెత్తి చూసుకుంటూనే ఉన్నాను.

ఇమాం బాషా